గుమ్మడి గింజ: పొడిగా నాటాలా, మొలక కట్టి నాటాలా, కప్పులో పెంచి నాటాలా?

తడి గుడ్డలో మూటకట్టిన గుమ్మడి గింజల్ని మూడో రోజు విప్పి చూస్తే, మొనదేలిన వైపు నుంచి తెల్లటి ముక్కు పొడుచుకొచ్చి ఉంటుంది. చూడగానే సంతోషం, ఆ వెంటనే కంగారు. దీన్ని ఇప్పుడే పాదులో పెట్టేయాలా, కప్పులో పెంచాలా? వేరు కిందికుండాలా పైకుండాలా? అసలు మొలక కట్టడం అవసరమా, అమ్మమ్మల కాలంలోలాగా గింజని మట్టిలో గుచ్చేస్తే సరిపోయేదా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెరట్లోనో మేడమీదో నాలుగైదు పాదులు పెట్టుకునేవాళ్లకి మొలక కట్టడం మేలు. ఆ మొలకని వానాకాలంలో కప్పులో పెంచి నాటండి. జనవరి చివర, ఫిబ్రవరిలో వేసే వేసవి పంటకి నేరుగా పాదులోనే పెట్టండి. అర ఎకరమో ఎకరమో వేసేవాళ్లు, వాన మీదే ఆధారపడ్డవాళ్లు మాత్రం మొలక జోలికి పోవద్దు. వాళ్లకి పొడి గింజే క్షేమం.

దీనికంతటికీ మూలం ఒక్కటే. పొడి గింజ ఆగగలదు. నాటాక వాన రెండు రోజులు ఆలస్యమైనా మట్టిలో అలాగే పడుకుని, తడి తగిలినప్పుడు లేస్తుంది. మొలక ఆగలేదు. వేరు ఒకసారి బయటికొచ్చాక వెనక్కి పోయే దారి లేదు. ఒక్క మధ్యాహ్నం మట్టి ఎండితే ఆ వేరుకొస ఎండుతుంది, గింజ కథ అక్కడితో సరి. కాబట్టి ఏ పద్ధతి మంచిదని అడిగేముందు, నాటిన తర్వాత పది రోజులు ఆ మట్టి తడిని పొద్దునా సాయంత్రం చూసేవాళ్లు ఇంట్లో ఉన్నారా లేదా అని చూసుకోవాలి.

పొడి గింజ ఎవరికి

పొడి గింజని నేరుగా నాటితే పెద్ద లాభం వేరుకి. గుమ్మడి, దోస, కాకర, సొర, బీర అన్నీ ఒకే కుటుంబం, వీటి వేళ్లు కదిలిస్తే ఓర్చుకోవు. వంకాయ, టమాటా నారుని పీకి నాటినట్టు గుమ్మడిని పీకి నాటితే వారం పది రోజులు బిగుసుకుపోతుంది. నేరుగా నాటిన గింజకి ఆ బాధ లేదు. దాని తల్లివేరు ఏ అడ్డూ లేకుండా లోతుకి దిగుతుంది, ఎండాకాలంలో ఆ లోతే దాన్ని కాపాడుతుంది.

నష్టం కూడా తక్కువేం కాదు. ఎలుకకి గుమ్మడి గింజంటే ప్రాణం, పందికొక్కుకి ఇంకా ఎక్కువ. పల్లెల్లో కోళ్లూ నెమళ్లూ, పట్నంలో ఉడుతలూ పావురాలూ తవ్వి తినేస్తాయి. అందుకే పాదుకి మూడు నాలుగు గింజలు వేసి, లేచిన వాటిలో బలమైన రెండు ఉంచడం ఆనవాయితీ. గింజలు దండిగా ఉన్నవాళ్లకి ఇది ఇబ్బంది కాదు. దాచుకున్న ఆరు గింజలతో మొదలుపెట్టేవాళ్లకి ప్రమాదమే.

చలి ఇంకో చిక్కు. గుమ్మడి గింజ మట్టి వెచ్చదనం 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే వారంలోపే లేస్తుంది. 15 డిగ్రీల దగ్గరికి పడితే దాదాపు కదలదు, తడిలో నాని కుళ్లిపోతుంది. తెలంగాణలో జనవరి రాత్రులు చల్లగానే ఉంటాయి కాబట్టి, ఆ నెలలో పొడి గింజ నాటి రెండు వారాలు ఎదురుచూసి, తవ్వి చూస్తే ఉత్త పెంకు దొరికినవాళ్లు చాలామంది ఉంటారు. జూన్, జూలై తొలకరిలో ఈ సమస్య ఉండదు.

మొలక కట్టడంలో మెళకువ

వరి నారుమడికి మండె కట్టే, అంటే వడ్లు నానబెట్టి మొలకెత్తించే ఊళ్లవాళ్లకి ఇది కొత్త విద్య కాదు. గింజల్ని గోరువెచ్చటి నీళ్లలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టాలి. రాత్రి పడుకునేముందు వేసి పొద్దున తీస్తే చాలు. ఎక్కువ నానితే మంచిదనుకుని రెండు రోజులు నీళ్లలోనే వదిలేస్తే గాలి అందక గింజ లోపలే చస్తుంది. మూట విప్పగానే పులిసిన వాసన వస్తే జరిగింది అదే. గింజకి తడి, వేడి ఎంత అవసరమో గాలీ అంతే అవసరం.

నీళ్లలో తేలిన గింజలు పనికిరావని పారేస్తుంటారు. వరి గింజకి ఆ పరీక్ష బాగా పనిచేస్తుంది గానీ గుమ్మడికి నమ్మకం లేదు. పెంకుకీ పప్పుకీ మధ్య గాలి ఉంటుంది కనుక మంచి గింజ కూడా తేలుతుంది. చేత్తో నొక్కి చూడండి. అప్పడంలా అణిగిపోతే తాలు, గట్టిగా నిండుగా తగిలితే ఉంచండి.

నానిన తర్వాత ఎందులో కట్టాలన్నదే అసలు ఎంపిక. నూలుగుడ్డ అందరి ఇళ్లలోనూ ఉంటుంది, తడి బాగా పట్టి ఉంచుతుంది. చిక్కేమిటంటే వేరు నేతలోకి చొచ్చుకుపోతుంది. నేనొకసారి మూట కట్టి పెళ్లికి వెళ్లి రెండు రోజులు ఆలస్యంగా వచ్చాను. పన్నెండు గింజలకి పన్నెండూ మొలిచాయి, పన్నెండు వేళ్లూ గుడ్డలో అల్లుకుపోయాయి. ఎంత మెల్లగా లాగినా ఏడు వేళ్ల కొసలు తెగాయి. ఆ ఏడింటిలో మూడు లేచాయి గానీ పక్కవాటికన్నా వారం వెనకబడే ఉన్నాయి. అప్పటినుంచి నేను గుడ్డ మానేసి కాగితపు రుమాలు వాడుతున్నాను. వేరు అందులోకి దిగినా పర్వాలేదు, ఆ ముక్కని చింపి గింజతో పాటే మట్టిలో పెట్టేయొచ్చు, కాగితం కరిగిపోతుంది. తడిపి పిండిన కొబ్బరి పొట్టు ఇంకా మంచిది. మూతకి బెజ్జాలు పెట్టిన డబ్బాలో పొట్టు పరిచి, గింజలు పడుకోబెట్టి, పైన మళ్లీ పొట్టు చల్లితే వేరు అల్లుకునే బాధే లేదు.

ఏది వాడినా పిండితే చుక్క రాలనంత తడి చాలు. వెచ్చటి చోటు చూడాలి. ఫ్రిజ్ మీద, బియ్యం డబ్బాలో, పొయ్యికి దూరంగా వంటింటి అలమరాలో పెట్టొచ్చు. పల్లెలో అయితే గడ్డివాములో దోపితే అంతకన్నా వెచ్చటి చోటు లేదు. గుమ్మడి రెండు నుంచి నాలుగు రోజుల్లో ముక్కు పెడుతుంది. రోజూ విప్పి చూడండి, చూసినప్పుడల్లా లోపలికి కొత్త గాలి పోతుంది కూడా.

బూడిద గుమ్మడి సంగతి వేరు. దాని పెంకు మందం. ఒక రోజు పూర్తిగా నాననివ్వాలి, ముక్కు రావడానికి వారం పట్టినా తొందరపడొద్దు. వడియాల కోసం వేసుకునేవాళ్లు నేరుగా నాటి, రాలేదని నాలుగుసార్లు తవ్వి పాడుచేస్తుంటారు. తీపి గుమ్మడికి పొడి గింజ వేసినా ఫరవాలేదు గానీ బూడిద గుమ్మడికి మాత్రం మొలక కట్టే వేయమంటాను. పెంకు అంచుని గోళ్ల కత్తెరతో కత్తిరించే అలవాటు కొందరికి ఉంది. లోపలి పప్పుకి తగిలితే కుళ్లు అక్కడే మొదలవుతుంది కాబట్టి నేను ఆ పని చేయను, గరుకు కాగితం మీద రెండుసార్లు రుద్దితే అదే ఫలితం వస్తుంది.

ఎప్పుడు నాటాలి, ఎలా పెట్టాలి

వేరు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు మధ్య ఉన్నప్పుడు నాటేయాలి. గింజ పొడవులో సగం అనుకోండి. ఇంకా పొడుగైతే పక్కవేళ్లు మొదలవుతాయి, వంకర తిరుగుతుంది, వేలు తగిలితేనే తెగుతుంది. అన్నీ ఒకేసారి మొలవవు. మొలిచినవి మొలిచినట్టు తీసి నాటుతూ, మిగతావి మళ్లీ మూసేయండి. ఎప్పుడూ గింజ పెంకునే పట్టుకోవాలి, వేరుని ముట్టుకోకూడదు.

మట్టిని ముందే తడిపి ఉంచండి. పెన్సిల్‌తో రెండు సెంటీమీటర్ల గుంట చేసి, వేరు కిందికి ఉండేలా గింజని దింపి, వదులైన మట్టితో కప్పండి. నొక్కకండి. వేరు ఎటువైపో తెలియకపోతే గింజని పక్కకి పడుకోబెట్టండి, వేరు తన దారి తాను వెతుక్కుంటుంది. మరీ పైపైన పెడితే వచ్చే ఇబ్బంది ఒకటుంది. గుమ్మడి మొలక వంగిన మెడతో మట్టిని తోసుకుంటూ పైకి వస్తుంది, ఆ రాపిడికే పెంకు ఊడి మట్టిలో ఉండిపోవాలి. లోతు చాలకపోతే పెంకు టోపీలా తలమీదే ఉండిపోయి జంటాకులు విచ్చుకోవు. అలా అయితే లాగేయకండి. రాత్రి తడి దూది చుట్టి ఉంచి, పొద్దున మెత్తబడ్డాక రెండు వేళ్లతో సుతారంగా జార్చండి.

పాదులోనా, కప్పులోనా

మొలకని నేరుగా పాదులో పెడితే వేరు మళ్లీ కదలదు, ఇది పెద్ద సుఖం. కానీ మొలకకి తొలి పది రోజుల్లో వచ్చే ఆపదలన్నీ ఆరుబయటే ఉన్నాయి: ధారలుగా కురిసే వాన, నత్తలు, కాండం కొరికే పురుగు, ఎర్ర పెంకు పురుగు. వానాకాలంలో ఒక్క పెద్ద వానకి పాదులో మట్టి పిడచకట్టి, లేతమెడ విరుగుతుంది. అందుకే జూన్ నుంచి సెప్టెంబరు దాకా కప్పు అంటున్నాను. అరుగు మీదో, కిటికీ పక్కనో పెట్టుకుని, జంటాకుల తర్వాత రెండు నిజమైన ఆకులు వచ్చాక బయటికి పంపొచ్చు.

వేసవి పంటకి ఇది తిరగబడుతుంది. ఫిబ్రవరి నెలాఖరుకి ఎండ పెరిగిపోతుంది, అప్పుడు కప్పులోంచి వచ్చిన మొక్క కొత్త మట్టిలో కాలూనకముందే ఎండకి దొరికిపోతుంది. పాదులోనే పుట్టిన మొక్క వేరు ఆపాటికి జానెడు లోతు దిగి ఉంటుంది. రోజూ తడి ఇవ్వగలిగితే అప్పుడు నేరుగా నాటడమే మేలు.

కప్పు అంటే ఏ కప్పు? గుమ్మడి తల్లివేరు నాలుగు రోజుల్లో అడుగు తాకుతుంది, కాబట్టి వెడల్పు కన్నా లోతు చూడాలి. నాలుగైదు అంగుళాల లోతు కావాలి. టీ కప్పులు చాలవు. మజ్జిగ తాగే పెద్ద కాగితపు గ్లాసులు సరిపోతాయి, అడుగున మూడు బెజ్జాలు పెట్టాలి. కొబ్బరి చిప్ప అందంగా ఉంటుంది గానీ లోతు లేదు. నర్సరీలవాళ్లు నారు పెంచడానికి వాడే 98 గుంతల ప్లాస్టిక్ పళ్లేల్లో, అంటే ప్రోట్రేల్లో పన్నెండు పదిహేను రోజులకే నాటేయాలి, నాలుగు రోజులు ఆలస్యమైతే వేళ్లు గుండ్రంగా చుట్టుకుంటాయి. ఇంట్లో వాడితే 50 గుంతలవి కొనండి. నాకు నచ్చేవి మాత్రం అరటి డొప్పతో చుట్టిన గొట్టాలు, పాత పేపరుతో చేసినవి. కప్పుతో సహా పాతేస్తాం కనుక వేరుకి చేయి తగలదు. పాతేటప్పుడు అంచు మట్టిపైకి లేకుండా చూసుకోండి, బయటికి ఉన్న అంచు లోపలి తడిని గాలికి లాగేస్తుంది.

లోపల నింపడానికి కొబ్బరి పొట్టు సగం, బాగా మాగిన పశువుల ఎరువో వానపాముల ఎరువో పావు, తోట మట్టి పావు. పచ్చి పేడ వద్దు, వేడికి వేరు మాడుతుంది. యూరియా అసలే వద్దు. మొదటి వారం పదిరోజులు మొక్క జంటాకుల్లో దాచుకున్న తిండితోనే బతుకుతుంది, మనం పెట్టాల్సిందేమీ లేదు.

నర్సరీలో పెంచిన నారు కొనడం నాలుగో దారి. టైము లేనివాళ్లకి మంచిదే. ఒకటి రెండు ఆకులున్న పొట్టి మొక్కనే తీసుకోండి. నాలుగు ఆకులతో నులితీగ వచ్చేసిన పెద్ద మొక్క చూడ్డానికి లాభంగా కనబడుతుంది గానీ కప్పు అడుగున దాని వేళ్లు చుట్టచుట్టుకుని ఉంటాయి.

జంటాకుల నుంచి నులితీగ దాకా

మొలక తల ఎత్తిన రోజే ఎండ చూపించాలి. చాలామంది లేతది కదా అని వారం పాటు ఇంట్లో నీడలో ఉంచుతారు, అది దారంలా సాగి పడిపోతుంది. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగలాలి. ఇప్పటికే సాగిపోయిన మొక్క ఉంటే నాటేటప్పుడు జంటాకుల కిందిదాకా మట్టి ఎగదోయండి, నిలబడుతుంది.

నీళ్లు పొద్దున పూట, కాండానికి దూరంగా, అంచుల వెంబడి పోయాలి. వేలు గుచ్చి చూసి, పై కణుపు లోతు దాకా పొడిగా ఉంటేనే పోయండి. మెడ దగ్గర కాండం సన్నబడి, నీళ్లూరినట్టయి మొక్క ఒరిగిపోతే అది నారుకుళ్లు. వచ్చాక ఆ మొక్కని కాపాడలేం, తీసి దూరంగా పారేయాలి. తడి ఎక్కువ, గాలి తక్కువ అయినచోటే అది పెరుగుతుంది కాబట్టి కప్పుల్ని ఆనించి పెట్టకుండా ఎడంగా పెట్టండి, పైన ప్లాస్టిక్ కవరు కప్పకండి. ఎరువులో ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రం కలిపి వారం మాగబెట్టి వాడితే ముందు జాగ్రత్తగా పనికొస్తుంది.

మొదటి గరుకు ఆకు కోసం కనిపెట్టుకుని ఉండండి. జంటాకులు నున్నగా, దళసరిగా ఉంటాయి. ఆ మధ్యలోంచి నూగుతో, ముడతలతో వచ్చేదే మొక్క అసలు ఆకు. రెండో గరుకు ఆకు విచ్చుకునే వేళకి, అంటే మొలక నాటిన రెండు వారాలకి అటూ ఇటుగా, పాదులోకి మార్చాలి. అంతకు ముందు నాలుగు రోజులు రోజుకింత ఎక్కువసేపు ఆరుబయట ఉంచి అలవాటు చేయండి. నాటడం సాయంత్రం పూట. కప్పుని ముందుగా తడిపి, చేతివేళ్ల మధ్య కాండాన్ని ఉంచి బోర్లిస్తే మట్టి ముద్దగా వస్తుంది. ఆ ముద్ద చెదరకూడదు. రెండు రోజులు తాటాకో టేకు ఆకో నీడగా గుచ్చండి.

పాదు ముందే సిద్ధంగా ఉండాలి: ఒకటిన్నర అడుగుల గుంట, దాంట్లో పది కిలోల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేప పిండి. పాదుకీ పాదుకీ ఆరేడు అడుగుల ఎడం తక్కువ కాకూడదు. మేడమీద అయితే 20 అంగుళాల గ్రో బ్యాగుకి ఒకే మొక్క. రెండు పెట్టినవాళ్లకి రెండూ దక్కవు.

ఈ దశలో అందరికన్నా పెద్ద శత్రువు ఎర్ర పెంకు పురుగు. నారింజ రంగులో మెరుస్తూ జంటాకుల్ని జల్లెడ చేస్తుంది. మొక్క నాలుగైదు ఆకులు వేశాక తట్టుకుంటుంది గానీ జంటాకుల మీద పడితే రెండు రోజుల్లో మొక్కే ఉండదు. అమ్మమ్మ వాళ్లు పొద్దున్నే మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లేవారు. ఇప్పటికీ ఇంటి తోటకి దానికన్నా సులువైనది నాకు తెలియదు, వాన పడితే మళ్లీ చల్లాలంతే. పొద్దుటి చల్లదనానికి పురుగు మందకొడిగా ఉంటుంది కనుక ఏరి సబ్బు నీళ్లలో వేయొచ్చు. ఇంకా నిశ్చింతగా ఉండాలంటే దోమతెర ముక్కని నాలుగు పుల్లల మీద గుడారంలా కప్పండి. పూత మొదలవగానే తీసేయాలి, గుమ్మడిలో మగపువ్వూ ఆడపువ్వూ వేరు కాబట్టి తేనెటీగ లోపలికి రాకపోతే పిందె నిలవదు.

ఏ గింజ, ఏ నెల

కూరకి కోసిన కాయ గింజలు వేయొచ్చా అని అడుగుతారు. కాయ బాగా పండి, తొడిమ ఎండినదైతే గింజ ముదిరి ఉంటుంది, నీడలో ఆరబెట్టి వేసుకోవచ్చు. కానీ సంకర రకం కాయ గింజలైతే తల్లిలాంటి కాయే వస్తుందన్న హామీ లేదు. తినడానికి అమ్మే వేయించిన గింజలు మొలవవు. సొంత విత్తనం దాచుకోవాలనుకునేవాళ్లు బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క చందన్ లాంటి సూటిరకం, అంటే సంకరం కానిది తెచ్చుకోండి. కాయ రెండు మూడు కిలోలుంటుంది, చిన్న కుటుంబానికి తగినది. మేడమీద పెంచేవాళ్లకి అర్క సూర్యముఖి నప్పుతుంది, కాయ కిలో దాకానే కనుక పందిరి బరువు మోస్తుంది.

సంక్రాంతి దప్పళంలోకి సొంత కాయ కావాలంటే నాలుగు నెలలు వెనక్కి లెక్కేయండి. వినాయక చవితి నాటికి మొలక కప్పులో ఉండాలి. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదికి గుమ్మడి పూలు మాత్రం చాలనుకుంటే అక్టోబరులో నాటినా అందుతాయి, మొదట వచ్చేవన్నీ మగపూలే, కోసినా పంటకి నష్టం లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఎంపిక ఇంత కష్టం కాదు. న్యూజెర్సీలో మే దాకా మంచు భయం పోదు, మట్టి వేడెక్కదు. అక్కడ మొలక కట్టి, ఇంట్లో కిటికీ దగ్గర కప్పులో పెంచి, మంచు భయం పోయాక నాటడం తప్ప వేరే దారి చూడక్కర్లేదు. తొందరపడి మార్చిలోనే మొలక కట్టకండి. నాటే రోజుకి మూడు వారాల ముందు మొదలుపెడితే చాలు, అంతకన్నా పెద్ద మొక్క కప్పులో ఇరుక్కుపోతుంది. డాలస్ వైపు నెల ముందే మట్టి వెచ్చబడుతుంది కనుక ఏప్రిల్‌లో నేరుగా పాదులోనూ పెట్టొచ్చు.

పాదులో రెండు మొక్కలు నిలిస్తే, మూడోదాన్ని పీకకండి, పక్కదాని వేరు కదులుతుంది. నేల దగ్గర కత్తెరతో కత్తిరించండి. ఆ లేత తల పప్పులో వేసుకోవచ్చు. నాలుగో ఆకు పక్కనుంచి నులితీగ బయటికొచ్చి గాలిలో దేనికోసమో వెతకడం మొదలుపెట్టిన రోజు, పక్కన ఒక కంప గుచ్చండి. మర్నాటికి పట్టుకుని ఉంటుంది.